మూగనోము నాడు గొంతు ఆపరేషన్

మా అక్క గొంతు మీద గడ్డ ఎప్పుడు మొలిచిందో మా ఇంట్లో ఏ ఇద్దరూ ఒకే మాట చెప్పరు. పెద్దకూతురి కాన్పు తర్వాత వచ్చిందంటాడు బావ. కాదు, అంతకుముందే ఉండేది, మెడలో గొలుసులుండడంతో కనబడలేదంటుంది చిన్నమ్మ. నేను మొదటిసారి గమనించేసరికి అది నిమ్మకాయంత ఉంది. ఆ రోజు నుంచీ దాని మీద ఉపన్యాసాలు ఇస్తూ వచ్చాను. ఉపన్యాసానికి కరిగే గడ్డ కాదది. నేను అరిచేకొద్దీ అది బత్తాయంత అయింది, ఆ తర్వాత చిన్న కొబ్బరికాయంత అయింది.

అరవడం నాకు అలవాటు. నేను కర్నూలు పక్కన కల్లూరులో ఉంటాను. వ్యాసాలు రాస్తాను. గాల్లోంచి విబూది తీసే స్వాముల గుట్టు విప్పుతూ, నాలుక మీద కర్పూరం వెలిగించుకుని చూపిస్తూ ఊరూరా తిరిగాను. దేవుడు లేడని వేదికల మీద వాదించి గెలిచిన సందర్భాలు చాలానే ఉన్నాయి. అక్క ఊళ్ళో మాత్రం ఒక్కసారీ గెలవలేదు. కోసిగి దగ్గర పల్లె అది. అక్కడ బడి ముందు కర్పూరం ప్రదర్శన పెట్టినప్పుడు, మండుతున్న కర్పూరాన్ని మింగి, చూశారా ఇందులో మహిమేమీ లేదు అన్నాను. జనంలోంచి అక్క లేచింది.

"అయితే ఒరేయ్, నీ నాలుక కాలకుండా జూసింది ఎవురు మరి? నువ్వా, కర్పూరమా?"

చప్పట్లన్నీ ఆమెకే.

అక్క ఆడకూలీల గుంపుకు మేస్త్రి. వానలు పడితే ఊళ్ళోనే కలుపుకూ, ఉల్లి పీకడానికీ వాళ్ళను తీసుకుపోతుంది. పడకపోతే లారీ ఎక్కించి గుంటూరు వైపు మిరపకోతకు తీసుకుపోతుంది. తెల్లవారుతూండగా వీధి మలుపులో నిలబడి ఒక్క పిలుపు పిలుస్తుంది. ఆ పిలుపుకు ఇంటింటా స్టవ్వులు వెలుగుతాయి, పిల్లలు లేస్తారు, కుక్కలు పక్కకు తప్పుకుంటాయి. ఈ కాలంలో పిలుపెందుకు, అందరికీ ఫోన్లున్నాయి గదా అని ఒకసారి అన్నాను. ఫోను మోగితే కట్ చేసి పక్కకు తిరిగి పడుకుంటారు, నన్నెట్ల కట్ చేస్తారు అంది. మేస్త్రికి గొంతు పోతే గుంపు పోతుంది. ఇంకో మేస్త్రి వెనక పోవడానికి కూలీలకు ఒక పూట చాలు. కిందివీధిలో ఇంకో మేస్త్రమ్మ ఉంది కూడా, ఎప్పుడెప్పుడా అని.

గడ్డకు జరగని వైద్యం లేదు. బెల్లం, సున్నం కలిపి పట్టు వేశారు. ఇనుపకమ్మీ కాల్చి వాత పెట్టారు. పాముమంత్రం వేసే ఒకాయన వచ్చి ఊదిపోయాడు. ఆయన నోటి బీడీ వాసన తప్ప అక్కకు దక్కిందేమీ లేదు. అయోడిన్ కలిపిన ఉప్పు వాడమని నేను పొట్లాలు తెచ్చి ఇస్తే, కూరకు అదే రాళ్ళఉప్పు వేసి, నా పొట్లాన్ని దిష్టి తీయడానికి వాడారు. సన్నగా ఉంటుంది, బాగా చిటపటలాడుతుందట.

పోయిన ఎండాకాలానికి అక్క వెల్లకిలా పడుకోలేని స్థితికి వచ్చింది. పడుకుంటే గడ్డ ఊపిరిగొట్టాన్ని నొక్కేది. గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేది. కర్నూలులో డాక్టరు ఎక్స్‌రే ఫిల్ము చూసి, గొట్టం పక్కకు వంగిపోయిందన్నాడు. కట్టెపొయ్యి పొగా, మిరపఘాటూ పట్టి ఊపిరితిత్తులు కూడా బాగా లేవన్నాడు. పూర్తి మత్తిచ్చి ఆపరేషన్ చేయాలంటే ఆ వంకర గొట్టంలోకి ఇంకో గొట్టం దింపాలి, దానికి పెద్ద ఊళ్ళో పెద్ద ఏర్పాట్లున్న చోటికి పోవాలి అన్నాడు. ఆపరేషన్ లో మాట పోయే ప్రమాదం కూడా ఉందని చివర్లో చెప్పాడు. ఊపిరి సంగతంతా అక్క తలూపుతూ విన్నది. మాట సంగతి వినగానే లేచి చెప్పులేసుకుంది.

"ఊపిరి లేకుంటే సస్తా. మాట లేకుండా బతికి ఏమి జేస్తా?"

ఆ తర్వాత పెద్ద ఊరి పేరెత్తితే ఇంట్లో తలుపేసుకునేది.

అప్పుడు మిత్రుడొకాయన చెప్పాడు, కడప అవతల, రాజంపేట వైపు ఒక చిన్న ఊళ్ళో ఒక డాక్టరమ్మ పూర్తి మత్తు లేకుండానే ఇలాంటి గడ్డలు తీస్తుందని. నాకు నమ్మకం కుదరలేదు. విన్నదల్లా నమ్మకపోవడమే గదా నా పని. అక్కకు మాత్రం వెంటనే నమ్మకం కుదిరింది. ఎందుకంటే నేను వద్దన్నాను.

నలుగురం బయలుదేరాం. అక్క, బావ, నేను, మా చిన్నమ్మ. మా అమ్మ చెల్లెలైన ఈ చిన్నమ్మ మా వంశానికి మతశాఖ మంత్రి. ఎవరికి ఏ మొక్కో, ఏ తప్పుకు ఏ శాంతో ఆమే నిర్ణయిస్తుంది. ఆమె సంచిలో నిమ్మకాయలు, నా సంచిలో రిపోర్టులు. దారి పొడవునా ఒకరి సంచి వైపు ఒకరం అనుమానంగా చూసుకున్నాం.

ఆసుపత్రి అంటే ఒక పాత మేడ. కింద పడకలు, పైన ఆపరేషన్ గది. డాక్టరమ్మకు అరవై దగ్గర పడుతుంది, కడప మాట. అక్కను కూర్చోబెట్టి గడ్డ నొక్కి చూసి, ఏమీ దాచకుండా చెప్పింది. అప్పటికి చిన్నమ్మ బయట సంగటి ఎక్కడ దొరుకుతుందో వెతకడానికి పోయింది. ఆ సంగటే మా కొంప ముంచింది.

"చూడమ్మా, నేను మెడకు మాత్రం సూదులేసి మొద్దుబారేట్టు చేస్తా. నువ్వు మేలుకోనే ఉంటావు. కోసేది తెలీదు, లాగేది తెలుస్తాది. నీ గొంతును పలికిచ్చే నరం గడ్డ ఎనకే పోతాది, దారం మాదిరి. దాన్ని కనిపెట్టే మిషన్లు పెద్ద ఊర్లల్లో ఉండాయి. నాకాడ ల్యా. నువ్వు మాట్లాడతాంటే నరం బాగుండాదని నాకు తెలుస్తాది. గొంతు మారిందంటే నా చెయ్యి ఆడికాడికి ఆపేస్తా. కాబట్టి రేపు నువ్వు నోరు మూయగూడదు. అర్థమయిందా?"

అక్క పకపకా నవ్వింది. "నన్ను జూసినోళ్ళందరూ ఆడే ఎగతాళే గదమ్మా ఇది. మాట్లాడమని నాకొకరు జెప్పల్లా?"

బావ కూడా సంతోషించాడు. "మా ఇంట్లో ఆ మిషను పెండ్లయిన కాడినుంచి నడుస్తాంది, డాక్టరమ్మా. కరెంటు గూడా అక్కర్ల్యా."

అందరం నవ్వాం. అక్క దాన్ని నిజంగానే ఎగతాళి అనుకుందని ఎవరికీ తట్టలేదు. పుట్టినప్పటినుంచి నోరు తగ్గించుకోమని చెప్పించుకున్న మనిషి. నోరు మూయవద్దని ఒక డాక్టరు వైద్యం కోసం చెబుతుందని ఆమె ఎలా అనుకుంటుంది?

మర్నాడు పొద్దున అక్క ఎవరితోనూ మాట్లాడలేదు. పేరేమిటని నర్సు అడిగితే చీటీ చూపించింది. ఏమి తిన్నావంటే తల అడ్డంగా ఊపింది. భయపడుతోందనుకున్నాను. భుజం తట్టి, భయం అన్నది అజ్ఞానంలోంచి పుడుతుంది అని మొదలుపెట్టాను. ఎప్పుడూ మొదటి వాక్యంలోనే అడ్డుకునే అక్క చివరిదాకా విన్నది. అప్పుడే నాకు అనుమానం రావలసింది. నా ఉపన్యాసం బాగుందేమో అనుకున్నాను.

ఆమెను పైకి తీసుకుపోయిన కాసేపటికి నర్సు పరుగున దిగింది.

"ఎవురప్పా ఈమెతోటి వచ్చినోళ్ళు? సూదులేసి అంతా సిద్ధం జేస్తే పేషెంటు పెదిమి ఇప్పదు. డాక్టరమ్మ కేకలేస్తాంది."

బావ నన్ను చూశాడు. నేను చిన్నమ్మను చూశాను. చిన్నమ్మ గోడను చూసింది.

"చిన్నమ్మా," అన్నాను.

"నీకు జెప్తే చెడగొడతావని జెప్పల్యా," అంది ఆమె, ఏమాత్రం తగ్గకుండా. "మూగనోము పట్టింది. పొద్దు పొడిచిన కాడినుంచి పొద్దు మునిగేదాకా పలకగూడదు."

మా వైపు అమ్మవారితో బేరం ఇలాగే ఉంటుంది. ఏ అవయవానికి జబ్బు చేస్తే ఆ అవయవాన్ని ఒక పగలు ఆమెకు అప్పజెప్పాలి. కంటికి జబ్బయితే పగలంతా గంతలు కట్టుకోవాలి. కాలికైతే నేల మీద మోపకూడదు. గొంతుకైతే మూగనోము. ఆ లెక్కలోని తూకాన్ని నేను మెచ్చుకోకుండా ఉండలేను. కడుపునొప్పికి ఏం చేస్తారో ఆలోచిస్తే, ఆ ఊళ్ళో సగంమంది ఏ మొక్కూ లేకుండానే ఆ నోము చేస్తున్నట్టు లెక్క.

డాక్టరమ్మ మెట్ల మీదికే వచ్చింది, నుదుటికి టార్చిలైటు కట్టుకుని.

"మందు పనిజేసేది కొంచెం సేపే. మళ్ళీ సూదులేస్తే ఈమె గుండెకు మంచిది కాదు. ఆపేసి పంపిస్తామంటే ఈ ఊపిరితో ఎన్నాళ్ళు లాగుతాదో నేను జెప్పలేను. ఈమెను మాట్లాడిచ్చేటోళ్ళు ఎవరుండారు?"

బావ రెండడుగులు వెనక్కి వేశాడు. "నేను విన్నోణ్ణే గానీ మాట్లాడిచ్చినోణ్ణి కాదు తల్లీ."

చిన్నమ్మ నా వైపు వేలు చూపింది. "వీడుండాడు. వీడైతే రాతితో గూడా జగడమాడతాడు."

ఆ విధంగా, నోము పెట్టించిన మనిషి సిఫారసు మీద, నోము చెడగొట్టడానికి నేను పైకి పోయాను.

నాకు పచ్చగౌను తొడిగి వెనక ముడేశారు. ఒక కాలికి నీలం చెప్పు, ఇంకో కాలికి ఎర్రచెప్పు. గదిలో పెద్ద దీపానికి ఒక్క బల్బే వెలుగుతోంది, మిగతా వెలుగు డాక్టరమ్మ నుదుటి మీదిది. రక్తం లాగే యంత్రాన్ని ఒక అమ్మాయి కాలితో తొక్కుతోంది, కుట్టుమిషను తొక్కినట్టు. అక్కను తల ఎత్తుగా ఉండేట్టు సగం కూర్చోబెట్టినట్టు పడుకోబెట్టారు. మెడకూ నాకూ మధ్య గుడ్డ అడ్డం కట్టారు. తల దగ్గర నాకు స్టూలు వేశారు.

"కండ్లు తిరిగితే ఎడమపక్కకు పడప్పా," అంది డాక్టరమ్మ. "కుడిపక్క నా సామాన్లుండాయి."

ముందు నేను హేతుబద్ధంగా చెప్పాను. అక్కా, నువ్వు మాట్లాడకపోతే నరం తెగుతుంది, నరం తెగితే జీవితాంతం మూగనోమే అన్నాను. అక్క పైకప్పు చూసింది. అమ్మవారికి నీ పరిస్థితి అర్థమవుతుందిలే, ఏమీ అనుకోదు అన్నాను. అక్క కళ్ళు నావైపు తిరిగాయి. లేదని నువ్వు ఊరూరా చెప్పే మనిషి తరఫున నువ్వెవడివిరా మాటిచ్చేది అన్నట్టు చూసి, మళ్ళీ పైకి తిరిగాయి. న్యాయమే.

వాదన పనిచేయని చోట ఏం చేయాలో నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు. ఒక్కటే మిగిలింది. అబద్ధం. జీవితమంతా దేన్నైతే వేటాడానో దాన్నే తీసుకుని అక్క చెవి దగ్గర మొదలుపెట్టాను.

"మొన్న మీ ఊరికి వచ్చినప్పుడు పొద్దున్నే రైలుగేటు దగ్గర బస్సు దిగానా అక్కా. కిందివీధి మేస్త్రమ్మ పిలుపు గేటు దాకా వినపడింది. ఎంత స్పష్టంగా ఉందో. ఏం గొంతు, ఏం గొంతు!"

అక్క ముక్కుపుటాలు అదిరాయి.

"నీది మలుపు దాటి వినపడలేదు. పాపం, వయసయిపోతోంది గదా అనుకున్నా."

నుదుటి మీద నరం లేచింది. పెదవులు మాత్రం ఇంకా బిగించే ఉన్నాయి.

"నీ గుంపులో వాళ్ళు కూడా అంటున్నారు, ఈసారి మిరపకోతకు ఆమె లారీ ఎక్కుతామని."

"ఎవుర్రా?"

గదిలో అందరూ ఆగిపోయారు.

"ఎవుర్రా ఎక్కేది దాని లారీ? పేరు జెప్పు! ఉప్పు పప్పు నేను పెట్టినా, కాన్పులకు నేను పోయినా, దాని లారీ ఎక్కుతారా? ఎవురు జెప్పినారో వాళ్ళ పేరు జెప్పురా!"

"వచ్చె గొంతు!" అంది డాక్టరమ్మ. "తల్లీ, అట్లనే ఉండు. ఆపగాకు." కత్తెరల చప్పుడు మొదలయింది.

అప్పుడు అక్కకు తెలిసివచ్చింది. నా వైపు చూసి పళ్ళు కొరికింది. "నోము చెడగొడితివి గదరా పాపిష్టోడా. ఎట్లాగూ చెడె. ఇంగ విను." పొద్దున నుంచి లోపల దాచుకున్నదంతా బయటకు వచ్చింది. నా కర్పూరం వచ్చింది. నా వ్యాసాలు ఎవరు చదువుతారన్న ప్రశ్న వచ్చింది. నా పెళ్ళికి పంతుల్ని పిలవకుండా మైకు పెట్టించిన సంగతి వచ్చింది. మధ్యలో కరెంటు పోయింది. నుదుటి టార్చి ఒక్కటే మిగిలింది. కాలియంత్రం తొక్కే అమ్మాయి నవ్వాపుకోలేక లయ తప్పింది. అక్క మాత్రం ఆగలేదు. బావ చెప్పింది నిజమే, కరెంటు అక్కర్లేదు.

"మా నాయన నిన్ను సదివిచ్చింది ఎందుకంటే..." అంటూండగా గొంతు పగిలింది. ఆ తర్వాతి మాట ఉత్త గాలిగా వచ్చింది. పెదవులు కదులుతున్నాయి, శబ్దం లేదు.

"ఎవరూ కదలొద్దు," అంది డాక్టరమ్మ.

ఎవరూ కదలలేదు. గుడ్డకు అవతల ఆమె చెయ్యి ఏం చేస్తోందో నాకు కనబడలేదు. అక్క కళ్ళు మాత్రం కనబడుతున్నాయి. వాటిలో ఇప్పుడు కోపం లేదు. ఇలాంటప్పుడు జనం ఎవరినో తలుచుకుంటారు. తలుచుకోవడానికి నాకెవరూ లేరు. స్టూలు కాలు గట్టిగా పట్టుకున్నాను. దానికి తుప్పు పట్టి ఉందని ఇప్పటికీ గుర్తు.

"నరం గడ్డకు అతుక్కోని ఉండాది. ఆ పక్క వదిలేస్తాండా," అంది డాక్టరమ్మ తన సహాయకుడితో. తర్వాత గొంతు పెంచి, "ఏమంటివమ్మా ఇప్పుడు? మళ్ళా జెప్పు. మీ నాయన ఈయప్పను సదివిచ్చింది ఎందుకు?"

గాలి. మళ్ళీ గాలి. గాలిలో చిన్న గరగర. ఆ గరగర లోంచి మాట.

"...సేద్యానికి పనికిరాడని."

డాక్టరమ్మ నవ్విన నవ్వుకు నుదుటి మీది వెలుగు గోడంతా ఊగింది. నా జీవితంలో నన్ను అంత బాగా తిట్టిన వాళ్ళు లేరు. అంత సంతోషంగా తిట్టించుకున్న రోజూ లేదు.

గడ్డను పళ్ళెంలో కిందికి తెచ్చి చూపించారు. ఇంటికి తీసుకుపోయి అమ్మవారికి చూపించవచ్చా అని చిన్నమ్మ అడిగింది. అది పరీక్షకు పోవాల, కావాలంటే రిపోర్టు చూపిద్దురు అంది డాక్టరమ్మ. తర్వాత వచ్చిన రిపోర్టులో చెడ్డ కణాలేవీ లేవని రాశారు. ఆ రిపోర్టు ఇప్పటికీ అక్క ఇంట్లో అమ్మవారి పటం వెనక ఉంది. దేవతల్లో ల్యాబు రిపోర్టు అందుకున్న మొదటి మనిషి ఆమే అయి ఉంటుంది.

రెండోరోజు అక్క చేతివేళ్ళు జుమ్మనడం మొదలయింది. పెదవుల చుట్టూ చీమలు పాకుతున్నట్టుందంది. అరచెయ్యి దానంతటదే ముడుచుకుంది. చిన్నమ్మ ముఖంలో దుఃఖమూ విజయమూ ఒకేసారి కనబడ్డాయి.

"నోము చెడగొడితే ఊరికే పోతాదా? వేళ్ళకాడినుంచి మొదలుపెట్టింది తల్లి."

డాక్టరమ్మ వచ్చి కాల్షియం సూది ఎక్కించింది, నిదానంగా. గడ్డ వెనక గింజలంత చిన్న గ్రంథులుంటాయి, ఒంట్లో సున్నాన్ని సరిజూసేవి అవి, ఆపరేషన్ లో అవి కొంచెం అదిరినాయి అని వివరించింది. కాసేపటికి వేళ్ళు విచ్చుకున్నాయి. ఇదీ సైన్సు అన్నట్టు నేను చిన్నమ్మ వైపు చూశాను.

"అయితే ఆ సూదిలో ఉండేది సున్నమేనా?" అంది చిన్నమ్మ.

"సున్నం జాతిదే," అంది డాక్టరమ్మ. "మీరు ఇన్నేండ్లు బయట పూస్తిరి. నేను లోపలికి పంపిస్తి."

"చూస్తివారా!" చిన్నమ్మ మంచం పట్టె మీద చరిచింది. "సున్నమని మేము మొదట్నుంచీ జెప్తానే ఉండాము. నువ్వే ఉప్పు ఉప్పని సంపితివి."

ఇలాంటి వాళ్ళతో నేను బతుకుతున్నాను.

అసలు చిక్కు ఇంటికి పోయే రోజు వచ్చింది. ఇక జీవితాంతం పొద్దున్నే పరగడుపున ఒక మాత్ర వేసుకోవాలని డాక్టరమ్మ చెప్పింది. గడ్డతోపాటు గ్రంథి చాలావరకు పోయింది గదా, ఆ పని మాత్ర చేస్తుంది, మానేస్తే మనిషి మందగించి, ఉబ్బి, చల్లబడిపోతుంది. అక్క మాత్రల డబ్బీ గుప్పిట్లో పట్టుకుని చిన్నమ్మను చూసింది. చిన్నమ్మ తీర్పు చెప్పింది. చెడిన నోముకు తప్పు కట్టాలి. చెడగొట్టినవాడే కట్టాలి. మిగిలిపోయిన మౌనాన్ని వాడు పూర్తిచేయాలి, ఊళ్ళోనే, పొద్దు పొడిచిన కాడినుంచి మునిగేదాకా.

నేను అరిచాను. మూఢనమ్మకాలకు లొంగనన్నాను. వ్యాసాల్లో నేను రాసిందేమిటి, చేస్తున్నదేమిటి అని జనం నవ్వుతారన్నాను. పక్క మంచాల వాళ్ళు ఆసక్తిగా విన్నారు.

అక్క చేతిలో మాత్రల డబ్బీని గలగలలాడించింది. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది.

"నువ్వు ఒక్క దినం నోరు మూసుకుంటే నేను సచ్చేదాకా మాత్ర మింగుతా. ల్యాకుంటే మింగను. లెక్కల్లో నువ్వే గదా గట్టోడివి. ఎవురికి లాభమో జూసుకో."

చూసుకున్నాను. అంత లాభసాటి బేరం అమ్మవారికి కూడా ఎవరూ ఇచ్చి ఉండరు.

గాయం మానాక, డాక్టరమ్మ గట్టిగా పిలవవచ్చని చెప్పాక, ముందురోజే అక్క ఊరికి పోయాను. అక్క మొదటిసారి మళ్ళీ పిలవబోయే పొద్దు, నా మౌనం మొదలయ్యే పొద్దు, ఒకటే. అన్నాళ్ళూ గుంపును బావ ఫోన్లు చేసి లేపాడు. సగంమంది లేవలేదు. కొందరు నిజంగానే కిందివీధి వైపు పోయారు. నా అబద్ధం నా కంటే ముందే ఊరు చేరి, అక్కడ నిజమై కూర్చుంది.

అక్క మాత్రను అమ్మవారి పటం ముందు పెట్టి, కళ్ళకద్దుకుని, తీర్థంలా మింగింది. నేను నోరు తెరిచాను. చిన్నమ్మ వేలెత్తింది. మూశాను. ఎలా మింగినా కడుపులో అది చేసే పని ఒకటే గదా అని నాకు నేనే చెప్పుకున్నాను.

అక్క మలుపులో నిలబడి పిలిచింది. ఆ పిలుపు మొదట్లో గరుకుగా ఉంది, గోనెపట్టను నేల మీద లాగినట్టు. సగంలో లేచింది. వీధి చివర నుంచి ఒక ఆడమనిషి, "వస్తాండా లేక్కా, చెవులు పగలగొట్టాకు!" అంది. పిల్లలు లేచారు. కుక్క ఒకటి పక్కకు తప్పుకుంది. అక్క నా వైపు తిరిగి చూడలేదు. కొంగుతో మెడ మీది మచ్చ తుడుచుకుని, చెమట పట్టినట్టు నటించింది.

ఆ పగలు నాకు జరిగిన సన్మానం ఏ సభలోనూ జరగలేదు. ఊరంతా వరసగా అరుగు దగ్గరికి వచ్చారు. "ఏమప్పా, దేవుడు ఉండాడా ల్యాడా? ల్యాడంటే జెప్పు, వినేదాకా ఈడనే నిలబడ్తా." "మాట్లాడకుంటే ఒప్పుకున్నట్టే గదప్పా?" "శానా మంచి దినం, ఈపొద్దు ఊర్లో గాలి సల్లగ ఉండాది." ప్రతి దానికీ నా దగ్గర జవాబుంది. ఒక్కోదానికి నాలుగేసి జవాబులున్నాయి. అవన్నీ గొంతులో గడ్డ కట్టాయి. బావ మజ్జిగ తెచ్చిచ్చి, నా పక్కన కూర్చుని, "ఇప్పుడు తెలిసిందా నా సంసారం?" అన్నాడు మెల్లగా.

పొద్దు వాలుతూండగా కిందివీధి మేస్త్రమ్మ వచ్చింది. నడుం మీద చెయ్యి, వెనక ఆమె గుంపు.

"ఏమప్పా, నా పిలుపు రైలుగేటు కాడికి వినపడ్తాదంట గదా. నువ్వే జెప్పినావంట ఆపరేషన్ లో. ఈడ నలుగురిలో ఇంగొకసారి జెప్పు."

అక్క ఇంట్లోంచి వచ్చి నిలబడింది. "వాడు మూగనోములో ఉండాడు. వాడు జెప్పింది అబద్ధం."

"నీ తమ్ముడు అబద్ధం జెప్పడని నువ్వే గదా ఊరంతా జెప్పుకుండేది?"

చిక్కే. చివరకు మేస్త్రమ్మే దారి చూపింది. "సైన్సు మనిషి గదా, పరీక్ష పెడదాం. నీ తమ్ముణ్ణి మీ ఆయన బండి మీద గేటుకాడికి పొమ్మను. ఇద్దరం పిలుస్తాం. ముందు ఎవురో, ఎనక ఎవురో జెప్పం. వచ్చి జెప్పల్ల, ఏది వినపడిందో."

పోటీలో పాల్గొనే వాళ్ళ పేర్లు దాచి పరీక్ష చేయడమంటే ఏమిటో నేను వేదికల మీద ఎన్నోసార్లు వివరించాను. వింటున్నవాళ్ళు నిద్రపోయేవాళ్ళు.

బావ బండి ఆపాడు. గేటు వేసి ఉంది. పట్టాల అవతల ఉల్లిపొలాల మీద ఎర్రటి ఎండ. గాలి ఊరి వైపు నుంచి లేదు. ఇద్దరం నిలబడ్డాం. ఎవరిదో ట్రాక్టరు దూరంగా పోయింది. ఆ తర్వాత పిలుపు వచ్చింది. మొదట గరుకు, సగంలో లేచింది. కాస్త ఆగి రెండోది వచ్చింది. నున్నగా, బలంగా, నిజం చెప్పాలంటే మొదటిదాని కంటే పైకి.

పొద్దు మునిగింది. రైలు వెళ్ళిపోయింది. గేటువాడు గేటు ఎత్తాడు.

"ఇంగ మాట్లాడొచ్చులే," అన్నాడు బావ. "ఎవరిది గెలిచింది?"

"మొదటిది అక్కది," అన్నాను. పగలంతా వాడని గొంతు, నాది కూడా గరగరలాడింది.

"గెలిచింది ఎవరిదని గదా అడిగితి."

"వినపడింది బావా. ఇంత దూరం వినపడింది."

బావ బండి స్టార్ట్ చేశాడు. "ఆ మాటే జెప్పుదువు రా. గెలుపు సంగతి అడిగితే నేను నిన్ను ఎరగనంటా."